మాలికి గుడి పోయిన ఏడాది

ఆయన పేరు రాయను. రాస్తే చదివేవాళ్ళలో సగంమంది ఆ పేరు దగ్గరే ఆగిపోతారు. ఏ పేట, ఏ చర్చి, తాతల కాలంలో ఏమిటి అని లోలోపల లెక్కలు వేసుకుంటారు. ఆ లెక్కలతో ఆయన బతికున్నన్నాళ్ళూ వేగాడు, పోయాక కూడా ఎందుకు? పిల్లలు పెట్టిన పేరొకటుంది, అది చాలు. ఒంటెల సారు.

ఒంటెల సారు పోయారని నాకు తెలిసేసరికి సమాధి మీద పూలు కూడా ఎండిపోయాయి. తెలిసిన మర్నాడే తొండియార్‌పేట వెళ్ళి వాళ్ళ అమ్మాయిని పలకరించి వచ్చాను. వచ్చిన దగ్గర్నుంచి మనసు మనసులో లేదు. ఎవరితోనన్నా చెప్పుకుందామంటే ఆ రోజుల్లో మాతో పనిచేసినవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు. అందుకని కాగితం ముందేసుకు కూర్చున్నాను.

నేను గుంటూరు నుంచి వచ్చి మదరాసు పురసవాక్కంలో ఒక స్కూల్లో తెలుగు టీచరుగా చేరిన కొత్త. ఆంధ్ర విడిపోయి కొన్నాళ్ళే అయింది. మదరాసు మనది కాదని తేలిపోయాక, తెలుగు మీడియం తరగతుల్లో పిల్లలు ఏటికేడాది తగ్గిపోతున్నారు. మొదటిరోజు నా తరగతి వెతుక్కుంటూ వరండాలో పోతుంటే ఒక గదిలో పిల్లలు విరగబడి నవ్వుతున్నారు. తొంగిచూశాను. తెల్లపంచె, మోచేతుల దగ్గర మాసికలు వేసిన నల్లకోటు, నల్లబల్లవైపు తిరిగి ఉన్న ఒక భారీ వీపు. సుద్దముక్క ఎత్తకుండా ఒకే గీతలో ఆఫ్రికా ఖండం మొత్తం గీసేశాడాయన. అచ్చం అట్లాసులో ఉన్నట్టే ఉంది. ఆ తరవాత ఎడారి ఉండాల్సిన చోట ఇంకొకటి గీశాడు. అదేమిటో నాకు అర్థం కాలేదు.

ఆయన ఇటు తిరిగి నన్ను చూశాడు. "ఏంది టీచరమ్మా, అట్ట చూస్తా ఉండారు? ఒంటెను ఎప్పుడూ చూళ్ళేదా?"

"చూశాను మాస్టారూ. అందుకే ఇది ఒంటె అని తెలియలేదు."

పిల్లలకంటే ముందు ఆయనే నవ్వాడు. ఒళ్ళంతా కదిలేలా నవ్వేవాడు. నవ్వి, ఆ ఒంటె మెడకు ఇంకో గీత తగిలించి మరింత పాడుచేశాడు. "నవ్వండి నవ్వండి. ఈ వంకరది లేకుంటే ఆడ ఉప్పు లేదు, బంగారం లేదు, రాజ్యమే లేదు" అన్నాడు. అప్పటికి నాకు తెలిసిన ఆఫ్రికా అంటే సింహాలూ అడవులూనే. అక్కడ రాజ్యాలున్నాయని ఆ గుమ్మంలో నిలబడే మొదటిసారి విన్నాను.

చరిత్ర ఆయన సబ్జెక్టు. పుస్తకంలో ఉన్న రోమూ గ్రీసూ చకచకా ముగించేసి, పుస్తకంలో లేని ఆఫ్రికాకు ఉరికేవాడు. ఎందుకంత పిచ్చి అని ఒకసారి అడిగాను. హార్బరులో పెరిగినవాణ్ణి, ఓడలు యాణ్ణించి వస్తాయో తెలుసుకోవాలనుండేది అన్నాడు. వాళ్ళ నాన్న హార్బరులో మూటలు మోసేవాడు. ఒకసారి ఆఫ్రికానుంచి వచ్చే మొంబాసా ఓడమీదనుంచి ఎవరో పారేసిన ఇంగ్లీషు పుస్తకం ఇంటికి తెచ్చి ఇచ్చాడట. అట్ట లేని ఆ పుస్తకం ఈయన్ని పట్టుకుని వదల్లేదు.

జనం వలసపోవడం ఆయన చెబితే చూడాలి. సుద్దముక్క పట్టుకుని ఈ గోడ దగ్గర మొదలుపెట్టేవాడు. "ఇనుము కరిగించడం నేర్చినారు. సజ్జలు జొన్నలు మూట గట్టినారు. పెండ్లాం బిడ్డల్ని తోడుకోని బయల్దేరినారు. నడస్తా ఉండారు. నడస్తా ఉండారు. తాత సచ్చిపోయినాడు, మనవడు నడస్తా ఉండాడు." అంటూ నిజంగానే నడిచి అవతలి గోడకు ఢీకొట్టేవాడు. వెనక్కి తిరిగి, "వెయ్యేళ్ళు నడిచినారు రా. ఖండం సగం నిండిపోయినారు" అనేవాడు. మీరు పొద్దున తిన్న రాగిసంకటి కూడా ఆడినుంచి వచ్చిందేనని చెబితే ఒక పిల్లవాడు ఇంటికిపోయి వాళ్ళమ్మతో, నువ్వు ఆఫ్రికా వంట చేస్తున్నావన్నాడట. ఆవిడ మర్నాడు స్కూలుకొచ్చి గొడవ చేసింది.

అంతమందిని అంతదూరం నడిపించిన మనిషి ఉత్తరాన ఎన్నూరు, దక్షిణాన తాంబరం దాటి ఎరగడు. బస్సు తప్పిపోయినా, వాన పట్టుకున్నా, హెడ్మాస్టరు ఆదివారం పని చెప్పినా ఆయనది ఒకటే మాట: "యాడికి పోతాం?" అనేసి కూర్చునేవాడు. ఆ మాట మొదట్లో నాకు హాస్యంగా వినిపించేది.

బంటు అనే మాటతో నన్ను ఏడిపించేవాడు. ఆ నడిచిన జనం భాషల్లో బంటు అంటే మనుషులు అని అర్థమట. "మన తెలుగులో బంటు అంటే ఏంది టీచరమ్మా? సేవకుడు. మనుషులు అనే మాట మన రేవులో దిగేసరికి నౌకరై పోయింది చూడండి."

"ఆ మాటకీ ఈ మాటకీ ఏ సంబంధమూ లేదు మాస్టారూ" అంటే, "లేదని నాకూ తెలుసమ్మా. తమాషాగా ఉందా లేదా, అది చెప్పండి" అనేవాడు.

కోటుజేబులో ఎప్పుడూ ఒక ఉప్పుగల్లు ఉండేది, కాగితంలో చుట్టి. ఉప్పువ్యాపారం పాఠం వచ్చినప్పుడు దాన్ని చితక్కొట్టి తలా ఒక పలుకు ఇచ్చేవాడు. నాలుక మీద పెట్టుకోండి, ఇది దొరక్క బంగారం ఇచ్చి కొన్న దేశాలుండాయి అని. కొందరు పిల్లలు చెయ్యి చాచేవాళ్ళు. కొందరు చాచేవాళ్ళు కాదు. ఇంట్లో చెప్పి పంపేవాళ్ళన్నమాట. వాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆయన పలుకు బెంచీమీద పెట్టి కిటికీవైపు తిరిగేవాడు. తిరిగే, మూగబేరం గురించి చెప్పేవాడు. ఉప్పు తెచ్చినవాళ్ళు ఏటి ఒడ్డున కుప్పలు పోసి దూరంగా వెళ్ళిపోతారు. బంగారం వాళ్ళు వచ్చి పక్కన బంగారం పెట్టి వాళ్ళూ వెళ్ళిపోతారు. చాలనుకుంటే ఉప్పువాళ్ళు బంగారం తీసుకుని పోతారు, లేకపోతే లేదు. ఒకరి మొహం ఒకరు చూడరు.

ఒకసారి ఆ పాఠం చెప్పిన మధ్యాహ్నం స్టాఫురూములో ఆయనే అన్నాడు. "మా అవ్వ ఊళ్ళో కూడా మూగబేరమేనమ్మా. శెట్టి ఉప్పు నేలమీద పెట్టి జరుగుతాడు. మా అవ్వ పోయి డబ్బులు నేలమీద పెట్టి ఉప్పు తీసుకుంటుంది. ఒకటే తేడా. ఆఫ్రికాలో ఇద్దరూ దూరం పోతారు. ఈడ ఒకరే పోవాల." అని అన్నంలో మజ్జిగ పోసుకున్నాడు. వాళ్ళ అమ్మాయి పక్కన కూర్చుని తింటోంది. మూడో ఫారం చదివేది, మా స్కూల్లోనే. పెద్ద కళ్ళు, నోరు ఊరుకోదు. "శెట్టి ఎందుకు నాయినా జరిగేది?" అంది. "ఇస్కూల్లో సార్ అనాల" అన్నాడు తప్ప దానికి జవాబు చెప్పలేదు. ఆ గదిలో ఆయన ఎవరో అందరికీ తెలుసు. తెలిసినట్టు ఎవరూ కనబడరు, అదీ మా మర్యాద.

ఇంతలో ఆఫ్రికాలోని గోల్డుకోస్టుకు స్వతంత్రం వచ్చింది. ఘనా అని పాత రాజ్యం పేరు పెట్టుకున్నారని పేపర్లో పడింది. మా సైన్సు మాస్టారు "ఇది ఘన రాజ్యమైతే ద్రవ రాజ్యం ఎక్కడుందండీ?" అని అడిగి తనే నవ్వుకున్నాడు. మా సారు మాత్రం ఆ పేపరు తీసుకుని ప్రతి తరగతికీ వెళ్ళి చదివి వినిపించాడు. ఆ ఊపులోనే హెడ్మాస్టరుగారికి ఒక ఆలోచన వచ్చింది. తెలుగు తరగతులకోసం లోకచరిత్ర వాచకం ఒకటి మనమే రాసుకుందాం, పేటలో ప్రెస్సు ఉంది, తక్కిన స్కూళ్ళు కూడా కొంటాయి అన్నారు. రోమూ గ్రీసూ చైనా అందరూ పంచేసుకున్నారు. మిగిలింది ఆఫ్రికా. దాన్ని ఎవరూ అడగలేదు, ఒక్కరు తప్ప.

రాసినన్నాళ్ళూ ఆ మనిషిని చూస్తే పెళ్ళిపనుల్లో ఉన్నవాడిలా ఉండేవాడు. తెలుగు దిద్దే పని నాది. "నడస్తా ఉండారు"ను "నడుస్తున్నారు" చేశాను. చదువుకుని నిట్టూర్చాడు. "మీ చేతిలో పడినాక నా జనమంతా బూట్లు తొడుక్కున్నట్టు ఉండారమ్మా." పాఠంలో ఉప్పుపలకలతో కట్టిన ఇళ్ళున్నాయి. సున్నం లేకుండా పేర్చిన రాతికోటలున్నాయి, వాటిలో దొరికిన మన దేశపు పూసలున్నాయి. ఘనా తరవాత లేచిన మాలి రాజ్యం ఉంది. మక్కాకు పోతూ దారంతా బంగారం పంచి, కైరోలో బంగారం ధర పడగొట్టిన మాలి రాజున్నాడు. మాలి అంటే మన పిల్లలు తోటమాలి అనుకుంటారు మాస్టారూ అంటే, అనుకోనీండి, తోటమాలి రాజైతే బాగుండాది కదా అన్నాడు. మాలి చక్రవర్తి ఎదుట పండితులు సైతం తలమీద మన్ను చల్లుకుని మోకరిల్లేవారు అని ఒక వాక్యం ఉంది. ఇది అవసరమా అన్నాను. చూసి వచ్చినవాళ్ళు రాసిపెట్టిన సంగతి, నా సొంతం కాదు అన్నాడు. ఉండనిచ్చాను.

ఆ పాఠం అచ్చులో చూసుకోవాలన్నది తప్ప ఆ ఏడాది ఆయనకు ఇంకో కోరిక లేదు. నిద్రలో కూడా అదే కలవరిస్తున్నాడని వాళ్ళ అమ్మాయి నాతో చెప్పింది.

పుస్తకాలు వచ్చాయి. ప్రెస్సులో అచ్చు కూర్చేవాడు అరవాయన. తెలుగు చదవడం రాదు, అక్షరాల రూపం చూసి కూర్చేవాడు. పనిమంతుడే. కానీ మాలి మాలి అని అన్నిసార్లు వచ్చేసరికి పాఠం సగంలో పెట్టెలో లి అచ్చులు అయిపోయాయి. మళ్ళీ పోతపోయించే దాకా ఆగకుండా, చూడ్డానికి దగ్గరగా ఉంది కదా అని ల అచ్చులు పెట్టేశాడు. ప్రూఫు చూస్తానన్న ప్రెస్సు యజమాని చూడలేదు. అక్కడినుంచి చివరిదాకా లకారం మీద గుడి లేదు.

స్టాఫురూములో సైన్సు మాస్టారు పైకి చదువుతున్నాడు. "మాల రాజు బంగారం పంచుతూ మక్కాకు బయలుదేరాడు." గదంతా ఘొల్లున నవ్వింది. "మాల చక్రవర్తి ఎదుట పండితులు సైతం" అని ఎత్తుకుని గుమ్మంలో ఎవరున్నారో చూసి ఆపేశాడు. నవ్వులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. మా సారు వచ్చి పుస్తకం తీసుకున్నాడు. పేజీ తిప్పాడు. ఇంకో పేజీ తిప్పాడు. తరవాత ఒళ్ళంతా కదిలేలా నవ్వాడు.

"లకు గుడి పోయింది" అన్నాడు. "గుడి పోతే మిగిలేది మేమేనా, ఏం సార్?"

ఆయన ఎవరన్నది ఆ గదిలో పైకి రావడం అదే మొదలు. ఆయన అంత బాగా అన్నా ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ సాయంత్రం లైబ్రరీలో ఆయనా నేనూ ఇంకుసీసా పెట్టుకుని ప్రతి పుస్తకంలోనూ గుళ్ళు పెట్టాం. "మీరు ఒకటి కడితే నేను నాలుగు కడతా ఉండాను, ఏం టీచరమ్మా ఇది" అని పరాచికాలాడుతూనే ఉన్నాడు. అంత సంతోషంగా ఆయన్ని మళ్ళీ నేను చూడలేదు. కానీ కొన్ని పుస్తకాలు అప్పటికే పిల్లల సంచుల్లో ఇళ్ళకు చేరిపోయాయి.

అందులో ఒకటి ఒక నగలకొట్టు యజమాని ఇంటికి చేరింది. స్కూలుకు గది కట్టించినాయన. హెడ్మాస్టరుగారి గదిలోకి పుస్తకం విసురుగా తెచ్చి, మా వాడిచేత ఇవి చదివిస్తారా, పండితులు ఎవరి కాళ్ళదగ్గర మన్ను పోసుకోవాలి, ఇది పొరపాటున పడిన రాత కాదు, రాసినవాడెవడో నాకు తెలీదనుకున్నారా అని కేకలు వేసి పోయాడు. రెండు కుటుంబాలవాళ్ళు పిల్లల్ని తమిళ తరగతికి మార్చేస్తామన్నారు.

రాత దిద్దినదాన్ని కాబట్టి సారుతోబాటు నన్ను కూడా పిలిచారు. మాలి అని స్పష్టంగా గుడితోనే రాశారండీ, నేను చూశాను అని చెప్పాను. హెడ్మాస్టరుగారు చెడ్డవారు కాదు. గోదావరి జిల్లా మనిషి, మెత్తన. ఆ మెత్తదనమే మాకు చేటయింది. "నాకు తెలుసమ్మా, నాకు తెలుసు" అని చేతులు నలుపుకున్నారు. "మాస్టారూ, మిమ్మల్నెవరూ ఏమీ అనడంలేదు. రేపు ప్రార్థన దగ్గర ఒక్కమాట చెప్పెయ్యండి. పాఠంలో చెడ్డమాట దొర్లింది, మన్నించండి అని. అంతే. అందరూ చల్లబడతారు."

"అచ్చుతప్పు పడింది అని చెప్తానండి. నిజం కాబట్టి."

"అచ్చుతప్పు అంటే ఆయన ఒప్పుకోడు. చెడ్డమాట దొర్లింది అనాలిట."

"ఏ మాట చెడ్డదండీ?"

హెడ్మాస్టరుగారు కాగితాలమీద పెట్టే గాజుగుండును ఇటునుంచి అటు పెట్టారు. "అదే. ఆ మాట."

"ఏ మాటో మీరు ఒకసారి అనండి సార్. మీరు ఈడ అంటే, నేను రేపు ఆడ అంటాను."

హెడ్మాస్టరుగారు మొహం తిప్పుకున్నారు. కిటికీలోంచి బయటికి చూస్తూ, "చెప్పకపోతే ఆ పాఠం కాగితాలు చింపించెయ్యాలి మాస్టారూ. లైబ్రరీలో మీ చేతనే. నన్నేం చెయ్యమంటారు?" అన్నారు. ఆ గొంతులో నిజంగా బాధ ఉంది. బాధపడుతూనే మనిషిని మూలకు నెట్టడం ఎలాగో అప్పుడే చూశాను.

బస్‌స్టాపు దాకా ఆయనతో నడిచాను. అక్కడ నిలబడ్డాక తనే అన్నాడు.

"తప్పు దిద్దడానికి నాకేం అడ్డం లేదమ్మా. నేనే దిద్దినాను కదా, మీరు చూసినారు. కానీ చెడ్డమాట అంటే, మా అమ్మను చెడ్డమాట అన్నట్టే కదా. మా నాయన్ని అన్నట్టే కదా. అనకుంటే పాఠం పోతాది. మాలి రాజు ఉండాలంటే మాల మాట చెడ్డదని నేనే ఒప్పుకోవాల. మాల మాట చెడ్డది కాదంటే మాలి రాజు చిరిగిపోవాల. ఎట్ట తిప్పినా అదే గోడ."

నాకు మండిపోయింది. "ఈ ఉద్యోగం వాళ్ళ మొహాన కొట్టి కర్నూలో గుంటూరో రండి మాస్టారూ. కొత్త రాష్ట్రం, టీచర్లు కావాలంటున్నారు. మీకు ఎవరైనా ఇస్తారు."

నావైపు చూశాడు. జాలిగా చూశాడు, నామీదే. "ఆడ మాత్రం ఈ మాట లేదా టీచరమ్మా? ఈ మాట పుట్టిందే ఆడ. మా తాత దాన్ని తప్పించుకోనే కదా మదరాసుకి వచ్చినాడు." బస్సు వచ్చింది. ఎక్కలేదు. ఇంకో బస్సు కూడా పోనిచ్చాడు.

"రేపు పాపను ఇస్కూలుకు పంపను" అన్నాడు చివరికి. అప్పుడు నాకు తెలిసింది, ఆయన ఏం నిర్ణయించుకున్నాడో.

మర్నాడు ప్రార్థన అయింది. పిల్లలు తరగతివారీగా వరసల్లో నిలబడ్డారు. నగలకొట్టు యజమాని గేటు దగ్గర కారు పక్కన నిలబడి చూస్తున్నాడు. సారు సిమెంటు తిన్నె ఎక్కాడు. కోటుకు బొత్తాలన్నీ పెట్టుకున్నాడు, ఎప్పుడూ పెట్టుకునేవాడు కాదు. గొంతు సవరించుకోలేదు. పాఠం అప్పజెప్పే పిల్లవాడిలా ఒక్క గుక్కలో అనేశాడు.

"చరిత్ర వాచకంలో నేను రాసిన పాఠంలో చెడ్డమాట దొర్లింది. అందరూ మన్నించాల."

నేను తలదించుకున్నాను. అయిపోయింది కదా అని హెడ్మాస్టరుగారు ఊపిరి వదిలారు. అప్పుడు మూడో ఫారం వరసలోంచి చెయ్యి లేచింది.

"ఏ మాట నాయినా?"

సార్ అనలేదు. పంపనన్న పిల్ల ఎలా వచ్చిందో ఎవరికి తెలుసు, వచ్చి వరసలో నిలబడి ఉంది, చెయ్యి ఎత్తి. ఆ పెద్ద కళ్ళు తండ్రిని తప్ప ఇంకెవర్నీ చూడటంలేదు.

ఆయన నోరు తెరిచాడు. నేను చూశాను, తెరిచాడు. పెదవులు కలిశాయి, ఆ మాటలో మొదటి అక్షరానికి కలవాలి కదా, అలా కలిశాయి. ఆ అక్షరం వచ్చేస్తుందనుకున్నాను. హెడ్మాస్టరుగారు గభాలున డ్రిల్లు మాస్టారికి సైగచేశారు. ఈల మోగింది. వరసలు తరగతులవైపు తిరిగాయి. ఆయన తిన్నెమీద అలాగే నిలబడి ఉన్నాడు. పిల్లలు పోయారు, మేం పోయాం, వెనక్కి తిరిగి చూస్తే ఇంకా అక్కడే ఉన్నాడు.

పాఠం ఉండిపోయింది. ఒక్క కాగితం చిరగలేదు. ఆ ఏడూ చెప్పాడు, పైయేడూ చెప్పాడు. ఆఫ్రికా ఒక్క గీతలో వచ్చేది, ఒంటె అలాగే వంకరగా వచ్చేది, పిల్లలు నవ్వేవాళ్ళు. మాలి రాజ్యం దగ్గరకు వచ్చేసరికి మాత్రం తను చదవకుండా ఎవరో ఒక పిల్లవాడిచేత చదివించేవాడు. బంటు అని నన్ను ఏడిపించడం మానేశాడు. మానేశాడని నేనూ అడగలేదు. అమ్మాయి మధ్యాహ్నాలు స్టాఫురూముకు రావడం మానేసి స్నేహితురాళ్ళతో చెట్టుకింద తినేది. తెలుగు తరగతులు ఎలాగూ నిలవలేదు. పిల్లలు చాలక ఒక్కొక్కటే మూతపడ్డాయి, వాచకం మూలపడింది. నాకు పెళ్ళయి నేను వేరే స్కూలుకు వెళ్ళిపోయాను. దేనికోసం ఆ మనిషి అంత మింగాడో, అది కూడా చివరికి దక్కలేదు. నాకు హెడ్మాస్టరుగారిమీద ఇప్పటికీ కోపమే. నిజం చెప్పాలంటే మా సారుమీద కూడా కొంచెం కోపం ఉండేది. తెలియని పిల్ల అడిగితే చెప్పెయ్యకూడదా, ఈల మోగితే మాత్రం ఏం, అనుకునేదాన్ని.

మొన్న తొండియార్‌పేటలో ఆ పిల్లను చూశాను. పిల్ల అంటున్నాను, జుట్టు నెరిసింది. ఆసుపత్రిలో నర్సుగా చేస్తోంది. అవే కళ్ళు. చివరి నెలల్లో ఆయన మంచానపడితే అన్నీ తనే చేసిందట. నాకు కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. ఏవేవో మాట్లాడుకున్నాం. లేవబోతూ, ఇన్నేళ్ళూ నాలో ఉన్నది ఇక ఆపుకోలేక అన్నాను.

"ఆ రోజు నువ్వు అలా అడగడం నేను మర్చిపోలేదమ్మా. చిన్నపిల్లవి, ఏ మాటో తెలియక అడిగావు. పాపం, ఆయన ఏం చెప్పగలడు?"

ఆవిడ నా చేతిలో గ్లాసు తీసుకుంది.

"తెలవక అడగలేదు టీచరమ్మా. ముందురోజు రాత్రంతా నాయిన అమ్మతో చెప్పి ఏడుస్తా ఉంటే పక్కనే పండుకోని విన్నాను. ఆ మాట నాకు తెలుసు. ఆయన అందరి ముందరా ఒకసారి పైకి అంటాడని అడిగినాను. అనేస్తే ఆ సిగ్గు పోతాదని."

"తరవాత ఎప్పుడైనా చెప్పాడా? ఇంటికి వచ్చాక?"

"లేదు" అంది. "నేనూ మళ్ళీ అడగలేదు. ఒకే ఇంట్లో ఉన్నాము టీచరమ్మా, ఇన్నేండ్లూ. అడిగితే మళ్ళీ నోరు తెరిచి మూస్తాడేమోనని భయం."